ముత్తాత గారి దవడ

మా ఊళ్ళో దొరికిన దవడ మనిషిదేనని పోయిన నెల ఆరో తేదీన పంచాయతీ ఆఫీసు ముందు నూటపద్నాలుగు చేతులతో తీర్మానం జరిగింది. వ్యతిరేకంగా లేచినవి రెండు చేతులు. రెండూ నాగేంద్రమ్మవే కాబట్టి ఒకటిగానే లెక్కించారు. నిబంధనల దగ్గర మా ఊరు రాజీపడదు.

నూజెండ్ల దాటాక వాగు పక్కన ఎకరం మిరప చేను, అదే నాగేంద్రమ్మకున్న ఆస్తి. నీటిగుంట కోసం తవ్విస్తుంటే నిలువు లోతులో మూరెడు పొడవు దవడ బయటపడింది. రాయంత బరువు. పళ్ళు చెక్కుచెదరలేదు.

సర్పంచ్ ధనుంజయరావు గారు చూడగానే గుర్తుపట్టారు. అది వారి ముత్తాత గారిది, యుద్ధంలో నేలకొరిగారట. ఏ యుద్ధమని అడిగే అలవాటు మాకు లేదు. గంట తిరక్కుండా ఎదుటి పార్టీ పున్నారావు గారు కూడా గుర్తుపట్టారు. అది వారి ముత్తాతది. వారం రోజుల్లో మూడు తలలు పగిలాయి. చివరికి పెనుగులాటలో దవడే పెద్దమనిషి తరహాలో గడ్డం దగ్గర రెండుగా విడిపోయింది. కుడి సగం సర్పంచ్ గారికి, ఎడమ సగం పున్నారావు గారికి. ఇరవై ఏళ్ళుగా మాటల్లేని ఇద్దరు పెద్దలు ఒకే సోఫాలో కూర్చున్నారు.

ముత్తాత గారికి మండపం కట్టాలన్నారు, అదీ దవడ దొరికిన చోటే. నాగేంద్రమ్మ తన చేనును స్వచ్ఛందంగా సమర్పిస్తున్నట్టు మైకులో ప్రకటించారు. ఆవిడకు కూడా ఆ సంగతి మైకులోనే తెలిసింది.

దవడ మనిషిది కాకపోతే మండపం లేదు, చేను మిగులుతుంది. అందుకని ఆవిడ నూర్ మొహమ్మద్‌ను పిలుచుకొచ్చింది. సంతలో ముప్పై ఏళ్ళుగా ఎడ్ల బేరాలు చేయించే మనిషి. ఎద్దు నోరు ఆయన తెరిచి చూడనిదే మా చుట్టుపక్కల ఎవరూ బయానా ఇవ్వరు. రెండు ముక్కలూ తిప్పి, బొటనవేలితో పళ్ళు రుద్ది, "ఎద్దు జాతేనయ్యా. చానా ముసలిది. మన ఎడ్లకంటే ఒకటిన్నర రెట్లు ఉంటది" అన్నాడు.

"ఏందిరా, మా ముత్తాతను సంతకు తోలతావా?" అన్నారు ధనుంజయరావు గారు. నూర్ మొహమ్మద్ చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఆవిడ ఫోను చేయిస్తే యూనివర్సిటీ నుంచి వాసంతి గారనే మేడమ్ వచ్చారు. కొలతలు తీసుకున్నారు, తెచ్చుకున్న బొమ్మలతో పోల్చుకున్నారు. "ఇది మంచుయుగం నాటి అడవి ఎద్దుది. ఎముక రాయిగా మారింది. నమిలే పళ్ళ మీద ఈ నెలవంక గీతలు చూడండి. ముందు పళ్ళకూ వీటికీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంది. మనిషి నోట్లో అది ఉండదు" అన్నారు.

పున్నారావు గారు లేచి ప్రసంగించారు. "అమ్మా, ఆ ఖాళీ చుట్ట పెట్టుకోటానికి. మా ముత్తాత రోజుకు ఇరవై కాల్చేవోడు. మీరు చదివింది పుస్తకం. ఇది చరిత్ర."

చప్పట్లు మోగాయి. "పైగా మా వంశంలో అందరికీ నోరు పెద్దదే" అని ధనుంజయరావు గారు బలపరిచారు. ఇన్నేళ్ళుగా వింటున్నాం గనక ఎవరం కాదనలేకపోయాం. వెంటనే చేతులెత్తమన్నారు.

నేనూ ఎత్తాను. నాది ఎరువుల కొట్టు. రెండు పార్టీల వాళ్ళూ నా దగ్గరే కొంటారు. ఎద్దు పక్షాన ఉన్నది నాగేంద్రమ్మ ఒక్కతే, అదీ ఎకరానికి సరిపడా కొనేది. తక్కెడ ఎటు మొగ్గుతుందో చూడటమే మా వృత్తి.

మండపం లేచింది. స్థలదాతగా తొలి పూజ నాగేంద్రమ్మకిచ్చారు. ఆవిడ పూలు తేలేదు. జొన్నచొప్ప కట్ట తెచ్చి దవడ ముందు పెట్టి, "పెద్దాయన ఎన్నాళ్ళనుంచి పస్తుండాడో" అని దణ్ణం పెట్టింది. పెద్దలు ముఖాలు చూసుకున్నారు. తప్పని అంటే ఎందుకు తప్పో చెప్పాలి. మర్నాడు సర్పంచ్ గారింటి నుంచి రెండు కట్టలు వచ్చాయి. పున్నారావు గారింటి నుంచి మూడు. ఇప్పుడు ప్రతి సోమవారం చొప్పకట్టలతో వరుస రోడ్డుదాకా ఉంటుంది. నేను కొట్లో ఎరువుల పక్కన చొప్ప కూడా పెట్టాను.

నూర్ మొహమ్మద్ ఆ వరుస చూసి నా కొట్టు ముందు ఆగాడు. "ఎద్దన్నందుకు నన్ను తిట్టి పంపిరి. మరి ఆ మేత ఎవరికి, అన్నా?"

"నువ్వు పళ్ళు చూస్తావు నూరన్నా. మేం చేతులు చూస్తాం" అన్నాను.

మొన్న నాగేంద్రమ్మ వచ్చింది. ఇప్పుడు ఎవరి చేలోనో మిరపకాయలు కోస్తోంది. ఏమీ కొనలేదు.

"అది గొడ్డుదని నీకు తెలుసుగా అన్నయ్యా?"

"తెలుసమ్మా."

"ఊళ్ళో అందరికీ?"

"అందరికీ."

"మరి చేతులెందుకెత్తినట్టు?"

ఇంకేమైనా కావాలా అని అడిగాను. ఆవిడ కౌంటరు మీదికి వంగి, నూర్ మొహమ్మద్ సంతలో చూసినట్టు, నా పళ్ళవైపు చాలాసేపు చూసింది. నేను నోరు మూసుకున్నాను. అది నాకు ముందునుంచీ అలవాటే.