పారబోత వారం

ఒక పెద్ద అడవిలో, మనుషుల ఊళ్లో పుట్టిన ప్రతి మోజూ ఒక ఎండాకాలం ఆలస్యంగా దిగేది. ఆ ఏడు దిగిన మోజు పేరు 'పచ్చ ఇల్లు'.

దాన్ని మోసుకొచ్చింది ముంగిస చతురయ్య. పట్నంలో ఏదో ఆఫీసు గోడ కింద ఒక సీజనంతా కాపురం ఉండి, కిటికీలోంచి మీటింగులు విని వచ్చాడు. వయసు చిన్నది, నోరు పెద్దది, లెక్కలంటే ప్రాణం. పంచాయతీ ప్రెసిడెంటు అడవిదున్న దుందుభయ్యకి లెక్కలంటే భయం. అందుకే చతురయ్యని చూడగానే పథకం అధికారిగా వేసేశాడు.

మడుగు గట్టున సభ పెట్టారు.

"ప్రతి ఇల్లూ నీళ్లు తగ్గించాలి, చెత్త తగ్గించాలి," అని మొదలుపెట్టాడు చతురయ్య. "ఈ వారం కొలతల వారం. ఎవరింట్లో ఎంత వాడుతున్నారో లెక్క వేసుకుంటాను. వచ్చే వారం మళ్లీ వస్తాను. ఎంత తగ్గిస్తే అంత గొప్ప. బాగా తగ్గించిన ఇంటికి పచ్చ బోర్డు, మడుగు పక్కనే చోటు. ఏమీ తగ్గించని వాళ్లు బండల గుట్ట మీదికి మారిపోవాలి."

అందరూ చప్పట్లు కొట్టారు, ఉడుత సూరమ్మ తప్ప.

ఆమె ఇల్లు గట్టు మీది నేరేడు తొర్ర. లోపల ఇంకా కళ్లు తెరవని పిల్లలు. వాటిని నోట కరుచుకుని, గద్దలు తిరిగే ఎండలో గుట్ట ఎక్కడం అనుకుంటేనే ఆమె తోకతో మొహం కప్పుకుంది.

"మాది మొదట్నించీ తక్కువే బాబూ," అంది. "రోజుకి రెండు నత్త చిప్పల నీళ్లు. దుంపలు కడిగిన నీళ్లు బచ్చలి పాదులోకే పోతాయి. తొక్కలూ అక్కడికే. పిల్లల కింద పరిచే పీచు కూడా ఎండలో వేసి మళ్లీ వాడతాను. ఇంక తగ్గించడానికేముంది?"

"మొదట్నించీ తక్కువ అన్నది లెక్కలోకి రాదు అత్తా. తేడా కావాలి, తేడా!"

"రెండులోంచి ఏం తీసేయను? రెండూ తీసేయనా?"

"తీసేస్తే నూటికి నూరు శాతం," అన్నాడు చతురయ్య ఉత్సాహంగా.

సభ చెదరగానే పక్కింటి ఎలుగుబంటి బంగారమ్మ ఆమెని చాటుకి లాగింది.

"నీకు బుర్ర లేదే వదినా! వచ్చే వారం తగ్గాలంటే ఈ వారం పెంచాలి. పారబోసెయ్. మా ఆయనకి పొద్దున్నించీ తలంటు పోస్తూనే ఉన్నా. జలుబు చేసింది, అయినా కదలనిస్తేగా!"

వెనకాల నుంచి ఆయన తుమ్మాడు.

ఆ తెలివి బంగారమ్మకి ఒక్కదానికే రాలేదు. అడవిపంది కొత్త బురదగుంట తవ్వి, నీళ్లు నింపి, రంగు నచ్చలేదని పక్కనే ఇంకోటి తవ్వాడు. ఏనుగు తన నీడ పడే చోటల్లా కడిగాడు. కోతులు పండుకి ఒక్క కొరుకు కొరికి విసిరేశాయి, చెత్త కనబడాలిగా మరి! చతురయ్య 'మొక్కల్ని కాపాడండి' అని ప్రచారం చేయడానికి టేకు మొక్కల ఆకులన్నీ దూసి తోరణాలు కట్టించాడు.

సూరమ్మ కూడా ప్రయత్నించింది. చిప్పతో నీళ్లు తీసుకుని గుమ్మంలో నిలబడి, కళ్లు మూసుకుని విసిరింది. తెరిచి చూస్తే నీళ్లు బచ్చలి పాదులోనే పడ్డాయి. చెయ్యి అలవాటు పడింది, ఏం చేస్తుంది? చెత్త పోగేద్దామంటే ఇంట్లో చెత్తే లేదు. సిగ్గు విడిచి బంగారమ్మ దగ్గరికి వెళ్లింది.

"వదినా, ఒక బుట్టెడు చెత్త బదులివ్వవూ? వచ్చే వారం తిరిగిచ్చేస్తా."

"అమ్మో! నా చెత్త నాకే చాలట్లేదు. ఆ పందాయన కుప్ప చూశావా, నాకంటే ఎత్తు. కోతులు ఎత్తుకుపోతాయని ఇక్కడే కాపలా కూర్చున్నా."

ఈలోగా మడుగులో బురద తేలింది. సూరమ్మ ఒక సొరబుర్ర నిండా నీళ్లు పట్టి తొర్రలో దాచి, ప్రెసిడెంటు దగ్గరికి పరుగెత్తింది. దుందుభయ్య మిగిలిన నీళ్లలో మెడదాకా పడుకుని తన ఇంటి కొలత పెంచుకుంటున్నాడు. గట్టున చతురయ్య వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

"అయ్యా, మడుగు ఎండిపోతోంది. ఆపమనండి."

"ఇది కొలతల వారం అమ్మా. పొదుపు వచ్చే వారం."

"వచ్చే వారానికి నీళ్లుండొద్దా అయ్యా?"

దుందుభయ్య చతురయ్య వైపు చూశాడు.

"ఇప్పుడెంత ఎక్కువ పోతే, అప్పుడంత ఎక్కువ మిగులుతుంది అత్తా. లెక్క అది," అన్నాడు చతురయ్య.

"ఎక్కడ మిగులుతుంది?"

"శాతంలో."

దుందుభయ్య అర్థమైనట్టు తలాడించి రెండో పక్కకి దొర్లాడు. ఆ దొర్లుడికి ఇంకాస్త నీరు గట్టెక్కింది.

పొదుపు వారం వచ్చేసరికి మడుగు నెర్రెలిచ్చింది. చతురయ్య ఇంటింటికీ తిరిగాడు.

"వాడకం?"

"చుక్క లేదు."

"నూటికి నూరు! బోర్డు పెట్టండి!"

దాహం వేస్తే అందరూ అడవి అవతలి వాగుకి నడిచి వెళ్లొస్తున్నారు. అది వేరే పంచాయతీ. అక్కడ తాగింది ఇక్కడి లెక్కలోకి రాదు.

సూరమ్మకి అబద్ధం నోట రాలేదు. "రెండు చిప్పలు బాబూ," అంది.

"అప్పుడూ రెండే, ఇప్పుడూ రెండే. తేడా సున్నా. పైగా అడవి మొత్తంలో ఇంకా నీళ్లు వాడుతున్నది నువ్వొక్కదానివే. సిగ్గుగా లేదూ అత్తా?"

సూరమ్మ పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని గుట్టకి చేర్చింది. ప్రతి విడతకీ పైన గద్ద నీడ తిరిగింది. కింద బోర్డు నీడలో నిలబడి బంగారమ్మ వచ్చేపోయేవాళ్లతో అంటోంది: "మంచిదేలెండి పాపం. కానీ పర్యావరణమంటే బొత్తిగా పట్టింపు లేదు."

గుట్ట మీద రెండు బండల మధ్య సన్నటి ఊట ఉంది. అక్కడ ఎవరూ కాపురం లేరు కాబట్టి ఎవరి కొలతకీ అది అక్కరకు రాలేదు, అందుకే బతికిపోయింది. బొట్టు బొట్టుగా రోజుకి కాసిని చిప్పలు నిండేది. సూరమ్మకి అది సముద్రం. పిల్లలు అక్కడే కళ్లు తెరిచాయి.

ఆ సంగతి ఒక కాకి పంచాయతీకి మోసేసింది. వెంటనే తీర్మానం జరిగింది: ఊట పక్క చోటు కూడా బాగా తగ్గించిన వాళ్లకే. మళ్లీ కొలతల వారం. తేడా చూపించని వాళ్లు గుట్ట దిగి ఎండిన మడుగు గట్టుకి పోవాలి.

చతురయ్య నాలుక వేలాడేసుకుని గుట్టెక్కాడు. "వాడకం చెప్పు అత్తా."

సూరమ్మ పిల్లల వైపు చూసింది. కొత్తగా తెరిచిన కళ్లతో అవి ఆమెనే చూస్తున్నాయి. ఆమె గొంతు సవరించుకుంది.

"రోజుకి వంద చిప్పలు బాబూ."

"వందా?"

"తలంట్లు, బండలు కడగడం, పిల్లల ఆటలకి పారబోత... చెప్పుకుంటే సిగ్గు. చెత్తయితే బుట్టలకొద్దీ. అటువైపు లోయలోకి తోసేస్తున్నా."

చతురయ్య కళ్లు మెరిశాయి. "ఇన్నాళ్లకి దారిలో పడ్డావు అత్తా! నీలో ఎంత తగ్గించే అవకాశం ఉందో తెలుసా?" బొట్టు బొట్టుగా రాలే ఊట పక్కనే నిలబడ్డాడు గానీ, అటు చూడలేదు. లెక్కలో మునిగిపోయాడు.

కిందికి దిగి బంగారమ్మని అడిగాడు.

"మాది నూటికి నూరు తగ్గించిన ఇల్లయ్యా! మళ్లీ వాడుతున్నామని చెప్పి బోర్డు పోగొట్టుకోమంటావా? చుక్క లేదు, వేసుకో!"

పందీ అదే అన్నాడు, ఏనుగూ అదే అన్నాడు. దుందుభయ్య అయితే తనని అడగడమే అవమానమన్నాడు.

వారం తిరిగింది. సున్నా వాళ్లంతా సున్నాలోనే ఉన్నారు. సూరమ్మ తల వంచుకుని, "రెండు చిప్పలకి తెచ్చాను బాబూ. చాలా కష్టమైంది," అంది.

"తొంభై ఎనిమిది శాతం!" చతురయ్య ఎగిరి గంతేశాడు.

దుందుభయ్య స్వయంగా గుట్టెక్కి ఊట పక్క చోటు ఆమెకే ఖాయం చేశాడు. "ఒకప్పుడు నీళ్లని నీళ్లలా పారబోసిన ఈ ఇల్లాలు ఎలా మారిందో చూసి నేర్చుకోండి!" అని మాట్లాడాడు. గుట్ట మీదున్న ఒక్కగానొక్క పచ్చ తీగని పీకి ఆమెకి దండ వేశారు.

అందరూ దిగిపోయాక బంగారమ్మ వెనకే ఉండిపోయింది. పెదాలు పగిలి ఉన్నాయి. సూరమ్మ ఒక చిప్పెడు నీళ్లు అందించింది.

"తాగు వదినా. ఎవరితో అనకు, నీ బోర్డు పోతుంది."

బంగారమ్మ అటూ ఇటూ చూసి గటగటా తాగేసింది.

నీతి: పొదుపులో పేరు రావాలంటే, ముందు దుబారాలో పేరుండాలి.