తమకు తెలిసిందే

"తోటి ఉద్యోగికి తెలియని సంగతి చెప్పడమంటే, నీకేమీ తెలియదని అతని మొహమ్మీదే అనడం! కావున ఇకపై ఈ కార్యాలయంలో ఎవరికి ఏ సమాచారం అందించినా, అది వారికి ముందే తెలుసునన్న గౌరవంతోనే అందించవలెను. విన్నవారు 'తెలుసు' అని పలికి ఆ గౌరవమును నిలబెట్టుకొనవలెను."

ఇదీ సర్క్యులరు! పెద్ద ఆఫీసరుగారు మర్యాద మీద మూడురోజుల శిక్షణకు వెళ్లి, భోజనాలు బాగున్నాయని మెచ్చుకుని, తిరిగొచ్చిన మర్నాడే దాన్ని గోడకెక్కించారు. అందరూ చప్పట్లు కొట్టారు. రికార్డు గుమాస్తా అందరికంటే గట్టిగా కొట్టాడు. నెల్లాళ్లలో రిటైరవుతున్నవాడికి ఇప్పుడు ఎవరితో పేచీ మాత్రం ఎందుకు?

మర్యాద వచ్చాక ఆఫీసు కళే మారిపోయింది. "తమకు తెలిసిందే, తమ చొక్కా వీపున చిరిగింది" అని ఒకరంటే, "తెలుసండీ" అని రెండోవారు సాయంత్రందాకా అలాగే తిరిగేవారు. లిఫ్టు పాడైందని అందరికీ తెలుసన్న గౌరవంతో ఎవరూ ఎవరికీ చెప్పేవారు కాదు గనక, తెలియనివారు ఎక్కి అందులో ఇరుక్కునేవారు. లోపలినుంచి అరవడానికి లేదు. బయటివాళ్లకు తెలియదని అన్నట్టవుతుంది కదా!

ఇలా ఉండగా ఒక సోమవారం రికార్డు గుమాస్తా తన గది తలుపు తీసేసరికి, పైకప్పునుంచి టపటపా నీళ్లు! మేడమీది నీళ్లట్యాంకు పగులిచ్చింది. కారడం కారడం సరిగ్గా పాత చెక్క బీరువా మీదే కారుతోంది. సిబ్బంది అందరి సర్వీసు రిజిస్టర్లూ అందులోనే ఉన్నాయి. ఎవరు ఏనాడు చేరారో, ఎన్నేళ్లు చేశారో చెప్పేవి ఆ పుస్తకాలే. అవి లేకపోతే పెన్షను లేదు. గుమాస్తాగారి ముప్పైమూడేళ్ల బతుకు అడుగు అరలో ఉంది. బీరువా తాళంచెవి మాత్రం ఆఫీసరుగారి దగ్గరుంది.

హెడ్డుగుమాస్తా దగ్గరికి పరుగెత్తాడు.

"తమకు తెలిసిందే... బీరువా మీద నీళ్లు పడుతున్నాయండీ!"

హెడ్డుగుమాస్తా కుర్చీలోంచి ఎగిరిపడి, వెంటనే సర్దుకుని కూర్చున్నాడు. "తెలుసు, తెలుసు."

"మరేం చేద్దామంటారు?"

"ఏం చెయ్యాలో నీకు తెలియదని నేనెలా అంటానయ్యా? అంత మాట అనగలనా?"

గుమాస్తా పైకి కాగితం పెట్టాడు. మూడోనాడు తిరిగొచ్చింది: "విషయము ముందే తెలిసినదగుటచే, కొత్తగా తీసుకొనవలసిన చర్య ఏదియు లేదు."

ఇక లాభంలేదని ఆఫీసరుగారి గదిలోకే వెళ్లాడు.

"తమకు తెలిసిందే... కప్పు కారుతోంది. నా పుస్తకం అట్టడుగున ఉందండీ. తాళం ఇప్పిస్తే..."

"అన్నీ తెలుసయ్యా!" ఆఫీసరుగారు లేచొచ్చి అతని చెయ్యి పట్టుకు ఊపారు. "ఎంత వినయంగా చెప్పావు! ఆఫీసులో అందరూ నీలా ఉంటే ఎంత బాగుండును!"

గుమాస్తా పొంగిపోయాడు. మెట్లన్నీ దిగాకగానీ తాళం సంగతి గుర్తుకురాలేదు.

ఇంటికెళ్లగానే భార్య నిలదీసింది. "ఏమన్నాడు?"

"చాలా మర్యాదగా విన్నారే."

"విన్నాడు సరే, తాళమిచ్చాడా?"

గుమాస్తా చెప్పులు విడవడంలో మునిగిపోయాడు.

"రేపు వెళ్లి, అందరికీ వినబడేలా గట్టిగా అడగండి! బీరువా పగలగొడతానని చెప్పండి!"

"ఛ, ఊరుకో. ఇన్నేళ్లూ ఒకరిచేత మాట పడలేదు. ఆఖర్లో ఎందుకే?"

"మాట పడకపోతే కప్పు పడుతుంది!"

బీరువా నెత్తిన ఒక బకెట్టు పెట్టాడు మహానుభావుడు. రోజుకు నాలుగుసార్లు పారబోసేవాడు. అంతలో రెండురోజులు వరసగా సెలవులొచ్చాయి. ఆఫీసు తెరిచిన నాడు చూస్తే బకెట్టు లేదు, బీరువా లేదు, పైన కప్పూ లేదు. గది మధ్యలో ట్యాంకు కూర్చుని ఉంది. చెక్కల కింద రిజిస్టర్లన్నీ నాని ముద్దయిపోయాయి. గుమాస్తా తన పుస్తకాన్ని అట్ట చూసి గుర్తుపట్టాడు. పుటలు విప్పితే సిరా నీళ్లు కారాయి తప్ప ఒక్క అక్షరం కనబడలేదు. అంత వయసు వచ్చినవాడూ అందరి ముందూ భోరుమన్నాడు.

లెక్క చూస్తే ఒక్క పుస్తకం తగ్గింది. "అయ్యో, ఆఫీసరుగారిదే!" అన్నాడు హెడ్డుగుమాస్తా.

ఆఫీసరుగారు తమ బల్ల సొరుగు లాగారు. ప్లాస్టిక్ సంచీలో చుట్టిన రిజిస్టరు, చుక్క తడి లేకుండా బయటికొచ్చింది.

"ఎప్పుడు తీశారండీ?" అన్నాడు గుమాస్తా.

"నువ్వొచ్చి చెప్పావే, ఆ సాయంత్రమే."

"మరి... మాకెవరికీ చెప్పలేదేమండీ?"

"భలేవాడివయ్యా! మీకు తెలియదని నేననుకోవడం ఎంత అమర్యాద!"

గుమాస్తా కళ్లు తుడుచుకున్నాడు. కోపం వచ్చిందిగానీ, అది గొంతుదాకా వచ్చి అలవాటు చొప్పున వెనక్కి వెళ్లింది. కొత్త కాగితం తీసి బల్లమీద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"పోనీలెండి. నేనిక్కడ ముప్పైమూడేళ్లు పనిచేశానని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. పెన్షనుకు అది చాలట. నేను చెప్పేదేముంది, తమకు తెలిసిందే!"

ఆఫీసరుగారు కాగితం చూశారు. గుమాస్తాను చూశారు. సంతకమంటే రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాలి. కలానికి నెమ్మదిగా మూత బిగించి జేబులో పెట్టుకున్నారు. సర్క్యులరు వచ్చింది మొదలు ఆ కార్యాలయంలో ఎవ్వరి నోటా రాని మాట, అప్పుడు ఆయన నోట వచ్చింది.

"నాకు తెలియదు."