ఫొటోలో మొలిచిన సుడి

తెలుపును తెలుపు నుంచి వేరు చేయడం ఎలా? కన్ను క్షణంలో చేసే పని కంప్యూటరుకు ఎందుకు చేతకాదో ఇమ్మానియేలు పొద్దుట్నుంచీ ఆలోచిస్తున్నాడు. ఒంగోలులో ఇరవై ఏళ్లుగా స్టూడియో నడుపుతున్న అతను ఫొటోషాప్ నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు వారాలే అయింది. తెరమీద వెంకాయమ్మ తెల్లెద్దు, వెనక సున్నం కొట్టిన గోడ. మంత్రదండం బొమ్మ ఉన్న టూల్‌తో గోడను ఎంచి తీసేస్తే, దానితో ఎద్దు కూడా పోయింది. కళ్లు, కొమ్ములు, గిట్టలు మాత్రం గాలిలో నిలబడ్డాయి.

తల్లి చచ్చిన దూడకు సీసాతో పాలు పట్టి పెంచింది వెంకాయమ్మ. రేపు అది మొదటిసారి బండలాగుడు పోటీకి దిగుతుంది, కోటిరెడ్డి ఎద్దుతో జతగా. రెండింటి బొమ్మలూ మధ్యాహ్నానికల్లా ఫ్లెక్సీ మీదికి ఎక్కాలి.

చివరికి ఇమ్మానియేలు లాసో టూల్‌తో ఎద్దు చుట్టూ చేత్తోనే గీత గీశాడు. వీపు మీద ఒక ఈగ మిగిలింది. నుదుటి మీది చర్మం కొంత కాపీ చేసి దానిమీద అద్దాడు. ఈగతోపాటు కంప్యూటరంటే తనకున్న భయమూ పోయినట్టనిపించింది.

సాయంత్రం ఫ్లెక్సీ చూసి ఎద్దుల యజమానులిద్దరూ స్టూడియోలోకి దూసుకొచ్చారు.

"వీపు మీద సుడి ఉన్న ఎద్దు పక్కన నా ఎద్దును కట్టను. ఇంటికి కీడు!" అన్నాడు కోటిరెడ్డి.

"నా చిన్నోడికి నుదుట తప్ప సుడి లేదన్నా! ఊరంతా చేరి వీపంతా దువ్వి చూశారు గదా!" అంది వెంకాయమ్మ.

"ఒంటిమీద లేదు, ఫొటోలో ఉంది. అంటే వాత పెట్టి మాపావు. ఫొటో అబద్ధం చెబుద్దా ఏంది?"

ఇమ్మానియేలు తెర వైపు చూశాడు. నుదుటి చర్మంతో పాటు నుదుటి సుడీ వీపు మీదికి వచ్చేసింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. వెంకాయమ్మ కొంగుకు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"అది నేను పెట్టిన సుడి రెడ్డిగారూ."

కోటిరెడ్డి పకపకా నవ్వాడు. "నువ్వా? మొన్న ఫొటోలో మా మనవరాలి జడ సగానికి కోసినోడివి, సుడి పుట్టిస్తావా?"

"నాకోసం అబద్ధాలాడమాక అబ్బాయ్," అంది వెంకాయమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందనుకున్నాడు గానీ, ఆ తప్పు చేసేంత పనితనం తనకుందని ఎవరూ నమ్మరని అనుకోలేదు. ఇమ్మానియేలు తెరమీద కోటిరెడ్డి ఎద్దు బొమ్మ తెరిచాడు. దాని నుదుటి సుడిని తీసి, ఒక్క నొక్కుతో వీపు మీద అద్దాడు.

కోటిరెడ్డి కుర్చీలోంచి లేచాడు. "ఓర్నాయనో! తీసెయ్, తీసెయ్! ఇంగ నమ్మాను. వెంకాయమ్మా, రేపు పొద్దున్నే నీ చిన్నోణ్ణి తోలుకురా, జత కడదాం. నువ్వు ముందు అది తీసెయ్యవయ్యా!"

తీసేస్తానన్నాడు ఇమ్మానియేలు. మూడు వారాల్లో అంచు తెలియకుండా కుదిరిన మొదటి పని అది. తీసేముందు సేవ్ చేసుకున్నాడు.