తర్కం మేష్టారి నోట్సు

ఆ రోజు ఆయమ్మ వేసుకున్న లెక్క చిన్నదే. పదింటికల్లా మూడు గదులూ ఊడ్చి, సంచిలో మడిచి తెచ్చుకున్న ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పదకొండింటికి ప్రిన్సిపాల్ గదిలో అటెండరు ఉద్యోగం ఇంటర్వ్యూకు కూర్చోవాలి. పన్నెండేళ్ళుగా ఆ కాలేజీలో చీపురు పట్టిన మనిషి. పదో తరగతి దాకా చదువుకుంది. ఈ అవకాశం తప్పితే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఊడవడం అయింది. బట్టలు మార్చుకోబోతుండగా తర్కం మేష్టారు పిలిపించారు. ఆయన ఆరోజు పైనుంచి వచ్చే తనిఖీ అధికారి ముందు పాఠం చెప్పాలి. పొద్దున్నే వచ్చి గదిలో కూర్చుని చదువుకున్నారు. తాళం వేసి కాఫీకి వెళ్ళొచ్చేసరికి ఎనిమిది కాగితాల నోట్సు మాయమైంది. బల్ల కింద వెతకడం ఆయనకు నామోషీ. తలలోనే వెతికి తేల్చేశారు.

"తాళంచెవి ఉన్నవాళ్ళే ఈ గదిలోకి రాగలరు. తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. నేను తీయలేదు. కాబట్టి నువ్వే తీశావమ్మా."

తీయలేదంది ఆయమ్మ. చెత్తలో పారేసి ఉంటావన్నారాయన. చెత్తబుట్ట తెచ్చి ఆయన కళ్ళ ముందే బోర్లించింది. అందులో పెన్సిలు చెక్కిన పొట్టు తప్ప ఏమీ లేదు. మేష్టారు తగ్గలేదు. మెట్టు మెట్టుగా దిగివచ్చిన మాట తప్పడానికి వీల్లేదన్నారు.

ఈ సంగతి వరండా దాటేలోగా పెరిగింది. మేష్టారి కాగితాలు పోయాయన్న మాట గుమాస్తా చెవిలో మధ్యాహ్నం పరీక్ష ప్రశ్నకాగితాలు పోయాయని పడింది. గుమాస్తా పరుగున వెళ్ళి గేటు మూయించాడు. గేటు మూశారంటే పరీక్ష రద్దయినట్టేనని పిల్లలు ఈలలు వేసుకుంటూ గోడలు దూకి ఇళ్ళకు పోయారు. లోపలివాళ్ళను బయటికీ, బయటివాళ్ళను లోపలికీ వదలొద్దన్నారు గనుక, కాపలాదారు తనిఖీ అధికారిని కూడా ఎండలో నిలబెట్టాడు.

ఇద్దరినీ తన గదికి పిలిపించి ప్రిన్సిపాల్ మేడం తల పట్టుకున్నారు. "పొరపాటున పారేశానని రాసి సంతకం పెట్టెయ్యి. గొడవ వదిలిపోతుంది," అన్నారు మెల్లగా.

"ఆ కాగితం నా ఫైల్లో పడితే ఉద్యోగం వదిలిపోతుంది మేడం. నేను చెయ్యని పనికి నా సంతకం ఎందుకు? పెట్టను."

అని, మేష్టారిని పైనుంచి కిందికి చూసింది. ఆయన కాళ్ళకు ఒక చెప్పు నల్లది, ఒకటి గోధుమ రంగుది. ఇంత హడావిడిగా బయల్దేరిన మనిషి నోట్సు ఇంట్లోనే మర్చిపోయి ఉంటాడని ఆమెకు తోచింది. అదే చెప్పింది. మేడం ఫోన్ చేస్తే, ఇంట్లో జత కలవని చెప్పులు తప్ప మరేమీ మిగల్లేదని మేష్టారి భార్య బదులిచ్చింది.

"చూశారా, ఊహలతో వచ్చిన చిక్కే ఇది," అన్నారు మేష్టారు సంతోషంగా.

"ఊహే సార్. తప్పితే ఇంకోటి ఊహిస్తాను. మీ లెక్క తప్పదంటున్నారే, తప్పితే ఏం చేస్తారు?"

ఆయమ్మ ఆయన గదికి నడిచింది. వెనకే మేడం, గుమాస్తా, చివరగా జత కలవని చెప్పులు. గుమ్మంలో ఆమె ఆగిపోయింది. బయట గాలి హోరుమంటోంది. పన్నెండేళ్ళుగా ఆ గది కిటికీ చిన్న గాలికే టపటపా కొట్టుకునేది. ఇప్పుడు కిక్కురుమనడం లేదు. ఎవరో ఏదో దూర్చి ఉంటేనే అలా ఊరుకుంటుంది.

"కాలికేం తొడుక్కున్నారో తెలియని మనిషికి చేతిలో ఏముందో గుర్తుంటుందా సార్?" అంటూ కిటికీ సందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితాలు లాగింది. ఎనిమిది. పైదాని మీద మేష్టారి దస్తూరీ. అవి రావడంతోనే కిటికీ మళ్ళీ మొదలెట్టింది.

చెమటతో లోపలికొచ్చిన తనిఖీ అధికారికి పాఠం వినడానికి ఒక్క పిల్లాడూ మిగల్లేదు. ఆయన గుమాస్తా దగ్గర జరిగినదంతా విని, మేష్టారి నోట్సు అడగలేదు. కిటికీ సంగతి ఎలా తట్టిందో ఆయమ్మను రెండుసార్లు చెప్పించుకున్నారు.

మేడం ఇంటర్వ్యూకు రమ్మన్నారు. తన మీద నింద వేసిన మేష్టారు ముందు పొరపాటు ఒప్పుకుని సంతకం పెట్టాలంది ఆయమ్మ. మేష్టారు గొణుక్కుంటూ రాసిచ్చారు: మనుషులందరూ పొరపాటు చేస్తారు, నేనూ మనిషినే, కనుక నేనూ పొరపాటు చేశాను.

ఆమె చదివి తిరిగిచ్చేసింది. "మనుషులందరి సంగతి నాకెందుకు సార్? మీరు చేసింది రాయండి."

రెండోసారి కిటికీ గురించి పేజీ నిండా రాశారు. అదీ వెనక్కి వచ్చింది. మూడోసారి, ఆయమ్మ మీద తప్పుడు నింద వేశానని ఒకే ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టారు. అందులో ఒక అక్షరదోషం ఉంది గానీ, ఆయమ్మ చూసీచూడనట్టు వదిలేసింది.