పదిహేడో నంబరు

ఆ రోజు పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు ఇల్లు కదలాలి, తొమ్మిదికల్లా స్కానింగ్ సెంటర్ చేరాలి, పదిన్నరకు కోడలు బడికి వెళ్లి పిల్లలకు లెక్కలు చెప్పాలి, కొడుకు తన లిఫ్టుల కంపెనీకి వెళ్లిపోవాలి. అత్తగారు ఇంట్లోనే ఉండాలి. కోడలు ఇదంతా కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది కూడా. కానీ ఆరింటికే అత్తగారు శాలువా కప్పుకొని, చెప్పులు వేసుకొని హాల్లో కూర్చుని ఉండటంతో పథకంలో చివరి వాక్యం అక్కడికక్కడే చెల్లకుండా పోయింది.

"అత్తయ్యా, లోపలికి ఒక్కరినే రానిస్తారు. మీరొచ్చి ఏం చేస్తారు చెప్పండి?"

"బయట కూర్చుంటానమ్మాయ్. కుర్చీలుంటాయిగా."

"పళ్ల డాక్టరు దగ్గర కూడా ఇదే మాటన్నారు. తర్వాత లోపలికొచ్చి నా కాళ్లు పట్టుకున్నారు."

"నువ్వు భయపడతావేమోనని."

"భయపడింది మీరు."

వీధిలో అత్తగారి పేరు గేటమ్మ. ఇంట్లోంచి ఎవరు బయటికెళ్లినా, వాళ్లు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకొని నిలబడుతుంది. తిరిగాక కూడా కాసేపు నిలబడుతుంది. ఇరవై ఏళ్ల కిందట భర్త "ఇప్పుడే వస్తా" అని చెప్పి పనిలోకి వెళ్లాడు. సాయంత్రానికి అతను రాలేదు, కబురు వచ్చింది. ఆవిడ మనసులో ఆ 'ఇప్పుడే' ఇంకా పూర్తి కాలేదు. అందుకే ఎవరినీ ఒంటరిగా ఏ తలుపులోకీ వెళ్లనివ్వదు.

ఈసారి తలుపు మరీ పెద్దది. ఐదో నెల స్కానులో బిడ్డ ఎడమ కిడ్నీ కాస్త ఉబ్బినట్టు కనిపించింది. "చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. ఎనిమిదో నెలలో వివరంగా మళ్లీ చూద్దాం. తగ్గకపోతే పుట్టగానే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి ఉంటుంది" అంది డాక్టరు. అప్పటినుంచి పన్నెండు వారాలుగా ఆ ఇంట్లో కిడ్నీ అనే మాట ఎవరూ పలకలేదు. ముగ్గురూ దాని గురించే ఆలోచించారు.

కారులో అత్తగారు లీటరు నీళ్ల సీసా బయటికి తీసింది.

"తాగు తల్లీ. మొదటి స్కానుకి తాగమన్నారుగా."

"ఈ నెలలో అక్కర్లేదన్నారత్తయ్యా."

"చెప్పినవాళ్లు మరిచిపోయుంటారు. తాగితే పోయేదేముంది?"

వాదించే ఓపిక లేక కోడలు సీసా ఖాళీ చేసింది.

స్కానింగ్ సెంటర్ హాల్లో కుర్చీలన్నీ ఒకే ఇనుప కమ్మీకి బిగించి ఉన్నాయి. కొడుకు కూర్చోగానే కాలు ఊపడం మొదలుపెట్టాడు. వరసలో తొమ్మిదిమంది ఊగారు.

"కాలు ఆపరా. పక్కామె కడుపులో పిల్లకి నిద్రొచ్చేస్తోంది" అంది అత్తగారు.

నర్సు పదిహేడో నంబరు చీటీ ఇచ్చి, రోజూ వందసార్లు చెప్పే మాటలను వందోసారి చెప్పింది. "పిలిచినప్పుడు లేకపోతే నంబరు చివరికెళ్లిపోతుంది. డాక్టరుగారు పన్నెండుకి వెళ్లిపోతారు. రేపట్నుంచి పదకొండు రోజులు సెలవు. తర్వాత నన్ననొద్దు."

పదకొండు రోజులు! అత్తగారు ఆ అంకెను మింగలేక మింగింది. పన్నెండు వారాలే ఎలా గడిచాయో ఆవిడకు తెలుసు.

పద్నాలుగో నంబరు లోపలికి వెళ్లినప్పుడు వాచ్‌మన్ వచ్చి, గేటు దగ్గర కారెవరిదని అడిగాడు. "ఒక్క నిమిషంలో వస్తా" అని కొడుకు లేచాడు. అత్తగారి ప్రాణం ఉసూరుమంది. కొడుకు చొక్కా మీద లిఫ్టుల కంపెనీ ముద్ర చూసిన వాచ్‌మన్ ముఖం మాత్రం వెలిగింది. "వారం నుంచి ఫోన్లు చేస్తుంటే ఇప్పుడా వచ్చేది? రండి, చూపిస్తా" అని అతని చెయ్యి పట్టుకుని, పాడైపోయిన లిఫ్టు దగ్గరికి లాక్కుపోయాడు.

పదహారో నంబరు లోపలికి వెళ్లేసరికి లీటరు నీళ్లు తమ పని మొదలుపెట్టాయి.

"అత్తయ్యా, ఇక నా వల్ల కాదు."

"కాస్త ఓర్చుకో. తర్వాత మనమే."

"ఓర్చుకుంటే ఇక్కడే అయిపోతుంది."

కింది బాత్రూము కడుగుతున్నారు, రెండో అంతస్తుకు వెళ్లమన్నారు. లిఫ్టు లేదు. ఎనిమిదో నెల కడుపుతో కోడలు గోడ పట్టుకుని మెట్లెక్కసాగింది. ఆమె మలుపు తిరిగేదాకా అత్తగారు చూస్తూ నిలబడింది. సరిగ్గా మలుపు తిరిగినప్పుడే నర్సు కేకేసింది. "పదిహేడూ!"

అత్తగారు ఇటు చూసింది, అటు చూసింది. కొడుకు లేడు, కోడలు లేదు. నర్సు నోరు రెండోసారి తెరుచుకుంటోంది. బస్సు కిటికీలోంచి సీటు మీద జేబురుమాలు పడేసినంత చురుగ్గా ఆవిడ ఒక నిర్ణయం తీసుకుంది. "ఆఁ, ఇక్కడే!" అని కోడలి ఫైలు గుండెకు హత్తుకుని, శాలువా తలమీదికి లాక్కుని లోపలికి నడిచింది. నర్సు తల ఎత్తలేదు.

గది చీకటిగా ఉంది. డాక్టరు తెర వైపు తిరిగి ఏదో టైపు చేస్తోంది. "పడుకోండి. పొట్ట మీద బట్ట జరపండి."

మంచం ఎక్కితే మంచం మనది, కోడలు రాగానే దిగిపోవచ్చు అనుకుంది అత్తగారు. గోడ వైపు ముఖం పెట్టి పడుకుంది. చల్లటి జెల్ పొట్ట మీద పడేసరికి ఉలిక్కిపడింది.

"ఎన్నో నెల?"

"ఎనిమిదండి."

"కదలికలు బాగున్నాయా?"

"అబ్బో! నిన్న పొట్ట మీద పుస్తకం పెడితే తన్ని కింద పడేసింది."

డాక్టరు చేతిలోని పరికరం పొట్ట మీద జరిగింది. ఆగింది. ఇటు జరిగింది, అటు జరిగింది, గట్టిగా నొక్కింది. పైకి పైకి వెళ్లి పక్కటెముకల దాకా చేరింది. డాక్టరు లేచి తలుపు సందులోంచి గొంతు తగ్గించి నర్సుతో అంది. "పదిహేడో నంబరు భర్తను పిలవండి. బిడ్డ కనపడటం లేదు."

ఎంత తగ్గించినా అత్తగారికి వినపడింది. పన్నెండు వారాల భయం ఒక్కసారిగా మీద పడింది. ఆ క్షణంలో ఆవిడకు పొట్ట ఎవరిదో కూడా గుర్తు రాలేదు.

"కనపడకపోవడమేంటమ్మా! సరిగ్గా చూడు తల్లీ! నిన్నటిదాకా ఉంది!" అని శాలువా నోట్లో కుక్కుకొని ఏడవసాగింది.

నల్లటి గ్రీజు చేతులతో అప్పుడే హాల్లోకి వచ్చిన కొడుకుకు నర్సు ఆ మాటే చెప్పింది. అతను చీకటి గదిలోకి పరుగెత్తాడు. మంచం మీద గోడ వైపు తిరిగి వెక్కుతున్న ఆకారాన్ని చూసి మోకాళ్ల మీద కూలబడి, చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడవకు. నేనున్నానుగా. నువ్వు గట్టిగా ఉంటే చాలు. మనకింకా వయసుంది. మళ్లీ ప్రయత్నిద్దాం."

ఏడుపు ఠక్కున ఆగింది.

"ఒరేయ్, నేనురా. మీ అమ్మని."

డాక్టరు లైటు వేసింది. వెలుగులో పొట్ట నిండా జెల్‌తో అరవై నాలుగేళ్లావిడ, ఆవిడ చెయ్యి పట్టుకుని గ్రీజు మరకలతో ఒక లిఫ్టు మెకానిక్ కనిపించారు. డాక్టరు ఒకరి తర్వాత ఒకరిని చూసింది.

"ఈవిడెవరు?"

"మా అమ్మండి."

"మరి కడుపుతో ఉన్నదెవరు?"

"నేనండి" అంది గుమ్మంలోంచి ఎవరో. రెండంతస్తులు దిగి వచ్చిన కోడలు తలుపు పట్టుకుని రొప్పుతోంది. "అత్తయ్యా, మీరేంటి అక్కడ?"

"నీ నంబరు పోతుందని కాస్త పడుకున్నానమ్మాయ్" అంది అత్తగారు, మంచం దిగుతూ.

ఒక్కరినే రానివ్వాలన్న నియమం అప్పటికే చచ్చిపోయింది గనక ముగ్గురూ లోపలే ఉండిపోయారు. బిడ్డ ఈసారి వెంటనే కనపడింది గానీ వీపు తిప్పుకుని కూర్చుంది. డాక్టరు కోడల్ని ఎడమవైపు తిరగమంది, కుడివైపు తిరగమంది, దగ్గమంది. గుండె, వెన్ను, కాళ్లు, వేళ్లు ఒక్కొక్కటీ చూసింది. ఎడమ కిడ్నీ దగ్గర చాలాసేపు ఆగింది. కొలిచింది. మళ్లీ కొలిచింది. కోడలు పైకప్పునే చూస్తోంది. కొడుకు కాలు ఊపడం కూడా మరిచిపోయాడు.

"సర్దుకుంది" అంది డాక్టరు. "రెండూ మామూలుగానే ఉన్నాయి."

"ఇంకోసారి చూడండి" అంది అత్తగారు.

"రెండుసార్లు చూశానమ్మా."

"మూడోసారి నాకోసం."

డాక్టరు మూడోసారి కొలిచింది. అంకె మారలేదు. తెర మీద బిడ్డ తీరిగ్గా ఆవులించింది. కోడలు ఏడ్చింది, కొడుకు గ్రీజు చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. అత్తగారు మాత్రం ఏడవలేదు. గబగబా చెప్పులు వెతుక్కుంది. "పదండి పదండి, మీకు ఆలస్యమవుతోంది. పిల్లలు లెక్కలు రాక కూర్చునుంటారు."

"మీరాగండి" అంది డాక్టరు. "పొద్దున ఏం తిన్నారు?"

"ఏం దిగుతుందమ్మా? నిన్న మధ్యాహ్నం నుంచి మంచినీళ్లే."

"ఖాళీ కడుపు కదా, అందుకే అంత స్పష్టంగా కనపడింది. బిడ్డ కోసం వెతుక్కుంటూ పైదాకా వెళ్లాను కదా. మీ పిత్తాశయంలో రాళ్లున్నాయి. ఒకటి బఠాణీ గింజ కంటే పెద్దది. తిన్నాక కుడిపక్క నొప్పి వస్తుందా?"

"అది గ్యాసు."

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లుగా గ్యాసే."

"మాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అన్నాడు కొడుకు.

"చెప్తే ఆసుపత్రిలో చేర్చి మీరంతా ఇంటికెళ్లిపోతారు" అంది అత్తగారు, చెప్పులో కాలు పెడుతూ. తలుపు వైపు రెండడుగులు వేసింది కూడా. కోడలు మెల్లగా మంచం దిగింది, కుర్చీ లాగి గుమ్మానికి అడ్డంగా వేసింది, దాని మీద కూర్చుంది. ఎనిమిదో నెల కడుపు దాటుకుని బయటికెళ్లే దారి ఆ గదిలో లేదు.

"కూర్చోండత్తయ్యా. సర్జనుగారి దగ్గరికి చీటీ రాయిస్తున్నా."

"ఆ గదిలోకి కూడా ఒక్కరినే రానిస్తారేమో."

"రానివ్వకపోతే మీ మంచం మీద నేను పడుకుంటా."

తొమ్మిది రోజుల తర్వాత, కాన్పు కోసమని సర్ది ఉంచిన సంచీతోనే అత్తగారు ఆసుపత్రిలో చేరింది. అందులోంచి చిన్న టోపీ, రెండు జతల బుల్లి మేజోళ్లు మాత్రం తీసి పక్కన పెట్టారు.