ఒంటి బటన్ మౌస్

చిట్టమూరు సెంటర్లో ఫ్లెక్సీల షాపు నడిపే రోజాకు ఆ ఉదయం ఒకటే పని. గంగమ్మ జాతర ఫ్లెక్సీ పదకొండింటికల్లా సరస్సు ఒడ్డు పల్లెకు అందిస్తే, ఆ ఊరి పనులన్నీ ఏడాది పొడుగునా ఆమెవే. లేకపోతే ఎదురు షాపు వాణికి పోతాయి.

వాణి పేరు వింటేనే రోజాకు ఒళ్లు మండుతుంది. నెల కిందట షాపు తెరిచిన ఆ పిల్ల టేబుల్ మీద, పాలలా తెల్లగా, ఒకే ఒక్క బటన్‌తో ఒక మౌస్ ఉంటుంది. వచ్చినవాళ్లంతా దాన్నే చూస్తారు. ఓర్వలేక రోజా కూడా నిన్న నెల్లూరు నుంచి అలాంటిదే తెప్పించింది. అంతటితో ఊరుకుందా? తన రెండు బటన్ల పాత మౌస్‌ను నలుగురి ముందూ వాణి చేతిలో పెట్టి, "నాకెందుకింక, నువ్వు వాడుకో చెల్లీ" అంది.

ఫ్లెక్సీలో ఊరి మంచిచెడ్డలు చూసే పెద్దకాపు చిన్నపోలయ్య నడుమ, మిగతావాళ్లు చుట్టూ ఉండాలి. జాతరలో ప్రసాదం పెడుతోందని వాణి ఫొటో కూడా ఇచ్చారు. దాన్ని పడవ బొమ్మ వెనక్కి నెట్టేయాలని రోజా ఆశ. తీరా చూస్తే వెనక్కి పంపడం, తీసేయడం, చేసింది రద్దు చేయడం, ఆమె నేర్చుకున్నవన్నీ కుడి బటన్‌లోనే ఉన్నాయి. ఈ మౌస్‌కు కుడీ లేదు, ఎడమా లేదు. నొక్కితే ఫొటో అంటుకుంటుంది, లాగితే పెరుగుతుంది. పావుగంటలో వాణి పెద్దకాపుకంటే పెద్దదైపోయింది.

"ఆ పాతది అడిగి తెచ్చేదా?" అన్నాడు మొగుడు పెంచల్.

"అడిగినావంటే ఈ పూట నీకు అన్నం లేదు" అంది రోజా.

ఆమె మొహం కడుక్కుని వచ్చేలోపే చిన్నపోలయ్య పంపిన ఆటో వచ్చింది. టైమైందని పెంచల్ ఉన్నదున్నట్టు ప్రింటు తీసి పంపేశాడు. రోజా వీధిలోకి పరిగెత్తేసరికి ఆటో సెంటర్ దాటిపోయింది.

మధ్యాహ్నం ఫోను మోగింది. "అమ్మా రోజా," అన్నాడు చిన్నపోలయ్య, "ఎదురు షాపామెను నాకంటే పెద్దగా వేసినావే. పోనీలే, ప్రసాదం పెట్టే మనిషి. ఒకరంటే ఒకరికి పడని ఈ కాలంలో నీ మనసే మనసు. ఊరి పనంతా ఇంక నీదే. రేపటికి ఇంకో పది ఫ్లెక్సీలు కావాల."

ఫోను పెట్టేలోపు, ఆ ఫ్లెక్సీ చూసిన వాణి కళ్లనీళ్లతో వచ్చింది.

"సొంత అక్క కూడా ఇట్టా చెయ్యదు. నిజం చెప్తా ఉండా, ఆ తెల్లదాంతో నెల్లాళ్లూ ఒక్క పనీ చెయ్యలేకపోయినా. నువ్విచ్చినదాంతోనే పొద్దున్నుంచి పని సాగతా ఉంది. ఇది నువ్వే ఉంచుకో అక్కా, నీకైతే వాడటం తెలుసు" అంటూ ఒక పొట్లం చేతిలో పెట్టింది.

రోజా పొట్లం విప్పింది, లోపల ఆ తెల్ల మౌసే. ఇప్పుడు ఆమెకూ రెండు బటన్లున్నాయి, మౌస్‌కొకటి.