సీటు కింద చప్పుడు

సైకిల్ కటకటమన్న మొదటిరోజే మన బృహస్పతి చెవుల్లో దూది పెట్టుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. పెట్టుకోలేదు. పైగా అందులో వేలు పెట్టాడు.

బృహస్పతి అన్నది ఆఫీసువాళ్లు అతనికి పెట్టిన పేరు. ఫ్యాను ఆగినా, పక్కసీటాయనకి పన్ను నొప్పొచ్చినా అడక్కుండానే కారణం చెప్పేస్తాడు. ఆ పేరు పొగడ్తేనని ఇప్పటికీ అతని నమ్మకం.

సైకిల్ మాత్రం అతనిది కాదు, అత్తగారిది. ఆవిడ నర్సమ్మ. ఇరవై ఎనిమిదేళ్లు వేళాపాళా లేకుండా దాని మీదే వెళ్లి పురుళ్లు పోసింది. రెండేళ్ల కిందట మోకాలు మొరాయిస్తే, "మూలన పడుంటే తుప్పు పడుతుంది, మీరు వాడుకోండి అల్లుడుగారూ" అని ఇచ్చింది. "కంటికి రెప్పలా చూసుకుంటానండీ" అని అతను చేతులు కట్టుకుని మాటిచ్చాడు.

ఇప్పుడు మోకాలికి ఆపరేషనైంది. సైకిల్ తొక్కవచ్చని డాక్టరు చెప్పాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి వచ్చి తొక్కుకుంటూ తీసుకెళ్తానని ఆవిడ కూతురికి ఫోను చేసింది. "మళ్లీ సైకిలెక్కుతాననుకోలేదే" అంటున్నప్పుడు అమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉందని కూతురు రెండుసార్లు చెప్పింది.

ఇక ఆ కటకట. ఆరునెలలుగా సీటు కింద నుంచి వస్తోంది. చిన్న గతుకు తగిలినా చాలు, ఎవరో లోపల కూర్చుని తలుపు కొడుతున్నట్టే ఉంటుంది.

వీధి చివర సైకిల్ షాపు మేస్త్రీని అందరూ తళతళ మేస్త్రీ అంటారు. ఆయన చేతిలో పడ్డ సైకిల్ ఏ రోగంతో వెళ్లినా అదే రోగంతో తిరిగొస్తుంది. కాకపోతే మెరుస్తూ వస్తుంది. మొదటిసారి సీటు స్ప్రింగులు మార్చాడు. రెండోసారి సీటే మార్చాడు. మూడోసారి సైకిల్ని వదిలేసి బృహస్పతిని ఎగాదిగా చూసి, "లోపం సైకిల్లో లేదు సార్, మీ బరువులో ఉంది" అన్నాడు.

నాలుగోసారి, అంటే శనివారం, "అత్తగారు తీసుకెళ్తారు, కాస్త శ్రద్ధగా చెయ్యవయ్యా" అని బతిమాలితే మేస్త్రీ నిజంగానే శ్రద్ధ పెట్టాడు. చైనుకీ, చక్రాలకీ, రిమ్ములకీ, బ్రేకు రబ్బర్లకీ కూడా నూనె రాసి తుడిచాడు.

నూనె రాసిన బ్రేకు ఎలా పట్టుకుంటుంది? బృహస్పతి సందు మలుపులో బ్రేకు నొక్కాడు. సైకిల్ ఆగలేదు. నేరుగా మంగలి షాపులోకి వెళ్లింది. మంగలి కత్తి కూడా దించకుండా, "మీ ముందు ఇద్దరున్నారండీ" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి గడ్డం మీద సబ్బు నురగ ఉంది.

"ఎవరికైనా తగిలిందా?" అంది భార్య. ఆవిడ లెక్కల టీచరు. ముందు ముఖ్యమైన అంకె అడుగుతుంది.

"నా పరువుకి. ఇక ఆ మేస్త్రీ గడప తొక్కను. రేపు పొద్దున్నే నేనే విప్పి బాగుచేస్తాను."

"మీరా? కిందటేడు కుక్కర్ మూత బాగుచేశారు గుర్తుందా?"

"అది ఆవిరి సమస్య. ఇది చప్పుడు సమస్య."

"అమ్మకి నిజం చెప్పేస్తే పోదూ?"

"కంటికి రెప్పలా అని మాటిచ్చానే! రెప్ప ఏమైందని అడిగితే ఏం చెప్పను?"

ఆదివారం పొద్దున్న హాల్లో పాత పేపర్లు పరిచి సైకిల్ని తలకిందులు చేశాడు. చప్పుడు సీటు దగ్గర కదా, అక్కడ మొదలుపెట్టవచ్చు. కానీ సీటు మేస్త్రీ ఇప్పటికే మార్చాడు, కాబట్టి లోపం వెనక చక్రంలో ఉండి ఉంటుందని తేల్చేశాడు. బృహస్పతి కదా.

ముందు పెడళ్లు తీయాలనుకున్నాడు. కుడిది వచ్చింది. ఎడమది రాలేదు. పానా బిగించి తిప్పాడు, వేలాడాడు, చివరికి దాని మీద ఎక్కి నిలబడ్డాడు. పెడలు ఉన్నచోటే ఉంది. పానా జారి అతను సోఫాలో పడ్డాడు.

"విప్పుతున్నారా, బిగిస్తున్నారా?" అని వంటింట్లోంచి అడిగింది భార్య.

"విప్పుతున్నానే!"

ఎడమ పెడలుని వదిలి వెనక చక్రం పట్టాడు. ఇరుసు నట్లు వదులు చేసి, వాటి లోపలున్న కోను అనే మర తిప్పి, ఇరుసు లాగాడు. అంతే. లోపలున్న ఇనప గోళీలు జలజలా రాలి గచ్చు మీద నలుదిక్కులా పరిగెత్తాయి. కొన్ని మంచం కిందకి, కొన్ని గుమ్మం పక్క చెప్పుల వైపు, ఒకటి తీరిగ్గా బాత్రూము వైపు. మొగుడూ పెళ్లాలు మోకాళ్ల మీద పాకి ఏరడం మొదలుపెట్టారు.

"మొత్తం ఎన్ని?"

"నాకేం తెలుసు? అవి బయటికొస్తాయని నాకు చెప్పాయా?"

పదహారు దొరికాయి. అప్పటికి పదకొండయింది. అప్పుడే గుమ్మం ముందు ఆటో ఆగింది.

"నాలుగింటికన్నారుగా!" అని గుసగుసలాడాడు బృహస్పతి.

"ఆత్రం ఆగలేదేమో పాపం."

అతను మంచం మీది దుప్పటి లాగి సైకిల్ మీద కప్పేశాడు. అత్తగారు నింపాదిగా మెట్లెక్కి వచ్చింది. కుదురుగా కట్టిన నూలు చీర, కాలికి కొత్త చెప్పులు. హాలు మధ్య దుప్పటి కింద ఎత్తుపల్లాలని చూసి ఆగిపోయింది.

"ఎవరికి ఒంట్లో బాగోలేదు?"

"ఎవరికీ ఏం కాలేదండీ... పాత సామానండీ."

"నా సైకిలేదీ?"

"సర్వీసింగుకిచ్చానండీ. నాలుగింటికల్లా వచ్చేస్తుంది."

టీచరమ్మ పైకప్పుకేసి చూస్తూ నిలబడింది. ఆ క్షణంలోనే దుప్పటి అంచు కింద నుంచి ఒక గోళీ బయటికొచ్చి, నెమ్మదిగా దొర్లుతూ వచ్చి, అత్తగారి కొత్త చెప్పుకి తగిలి ఆగింది.

ఆవిడ వంగి తీసింది. కొత్త మోకాలితో అంత సులువుగా వంగడం చూసి కూతురి కళ్లు తడిశాయి. ఆవిడ గోళీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి దొర్లించింది.

"వెనక చక్రానిది. రోగిని ఇక్కడే పడుకోబెట్టి ఆస్పత్రిలో ఉందంటారేం అల్లుడుగారూ?" అని దుప్పటి తీసింది.

బృహస్పతి అంతా ఒప్పేసుకున్నాడు. మేస్త్రీ, నూనె, మంగలి షాపు, ఎడమ పెడలు, అన్నీ. తిడుతుందనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. నిండు నెలల మనిషిని చూసినట్టు సైకిల్‌ని నెమ్మదిగా తడిమింది. "వేణ్నీళ్లూ, సబ్బూ, పాతగుడ్డలూ తీసుకురావే" అని కూతురికి చెప్పి, కొంగు దోపుకుని పీట మీద కూర్చుంది.

ముందు రిమ్ముల నూనె సబ్బునీళ్లతో కడిగింది. తర్వాత ఎడమ పెడలుకి పానా పెట్టి, అతను తిప్పినదానికి సరిగ్గా ఎదురుగా ఒక్క తట్టు తట్టింది. అది చప్పున వదులైంది.

"ఎడమ పెడలుకి ఎదురు మర. మీరు పొద్దుటినుంచీ బిగిస్తూనే ఉన్నారు."

"చెప్పానా!" అంది భార్య.

తర్వాత జరిగింది చూస్తూ బృహస్పతి పక్కనే చతికిలబడ్డాడు. ఆవిడ చక్రం చూడట్లేదు. కూతురితో ఏదో మాట్లాడుతూనే, వేలి కొసతో గ్రీజు రాసి, ఒక్కో గోళీనీ దాని చోట కూర్చోబెడుతోంది. తను పొద్దుటినుంచీ కుస్తీ పట్టిన వస్తువు ఆ చేతుల్లో ఒద్దికగా ఉంది. రెండేళ్లు ఎక్కి తిరిగాడు గానీ, అందులో ఇంత పొందిక ఉందని అతనికి తెలియదు. సిగ్గేసింది.

"ఇటు తొమ్మిదయ్యాయి. అటు ఎనిమిది."

"మొత్తం పదిహేడు. రెండు వైపులా సమానంగా రావాలంటే పదిహేడు కుదరదండీ" అంది టీచరమ్మ మొగుడితో.

మళ్లీ ఇల్లంతా వెతికారు. దొరకలేదు.

"ఒకటి తక్కువైతే నడవదాండీ?" అన్నాడు బృహస్పతి నసుగుతూ.

"నడుస్తుంది. కానీ అది ఆగిపోయేది నడివానలో. అవతల ఓ తల్లి నొప్పులు పడుతుంటుంది. అప్పుడేం చేస్తాం?" అని ఆవిడ లేచింది. "సైకిల్ని కాస్త పైకెత్తి, ఆ సీటుని కడ్డీతో సహా ఊడదీయండి."

"సీటా? అక్కడేనండీ చప్పుడు! నాలుగుసార్లు బాగుచేయించినా..."

"తీయండి నాయనా."

తీశాడు. సీటు గొట్టంలోంచి వేలెడంత రేకు డబ్బా ఒకటి కటకటలాడుతూ జారి పేపరు మీద పడింది. పాతకాలం మాత్రల డబ్బా. చుట్టూ చుట్టిన గాజుగుడ్డ ఎప్పుడో పొడిపొడిగా రాలిపోయింది. మూత తీస్తే లోపల దూదిలో మూడు కొత్త గోళీలు మిలమిలలాడాయి.

"ఎక్కడ ఆగిపోతే అక్కడే కావాలి కదా. అందుకని దాచుకున్నాను. గుడ్డ అరిగినట్టుంది, డబ్బా కదిలి చప్పుడు చేసుంటుంది" అంది ఆవిడ.

బృహస్పతి ఆ డబ్బాని గొట్టానికి తట్టి చూశాడు. అదే కటకట.

"అంటే..." అన్నాడు బృహస్పతి.

"అంటే సైకిల్‌కి అసలు ఏ రోగమూ లేదండీ. మీరూ మేస్త్రీ కలిసి తెప్పించారు" అంది భార్య.

పన్నెండున్నరకి పెడళ్లు బిగిసి, చక్రం ఎక్కింది. ఆవిడ ఒక్క వేలితో తిప్పి వదిలింది. అది తిరుగుతూనే ఉంది. వింటే ఏమీ వినబడదు. డబ్బాకి కొత్త గుడ్డ చుట్టి మళ్లీ గొట్టంలో పెట్టి సీటు బిగించింది. అప్పుడు వీధిలోకి తీసుకెళ్లి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఎక్కింది. మొదటి తొక్కుకి కాస్త తూలింది. రెండో తొక్కుకి నిలిచింది. మలుపు దగ్గర వెనక్కి చూడకుండా ఒక చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

"ఏడుస్తున్నారా?" అంది భార్య.

"గడ్డం నురగ కంట్లో పడింది."

"నురగ నిన్నటిది కదండీ."

సోమవారం అతను ఆఫీసుకి నడిచే వెళ్లాడు. పది అడుగులు వేశాడో లేదో ఎడమ మడమ కింద ఏదో గుచ్చుకుంది. రాయేమోనని బూటు విప్పి దులిపితే అరచేతిలో పడింది. పద్దెనిమిదో గోళీ.

రోడ్డు పక్కన ఒంటికాలి మీద నిలబడి దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా అంచు లేదు, మొదలు లేదు, అందులో తన మొహం చిన్నగా కనిపించింది. ఆ రోజు ఆఫీసులో ఫ్యాను ఆగితే కారణమేంటని అందరూ అతనికేసి చూశారు. "విప్పి చూస్తే గానీ తెలీదు" అన్నాడు. ఆఫీసు బిత్తరపోయింది.

సాయంత్రం ఇంటికి కాకుండా నేరుగా అత్తగారింటికి వెళ్లాడు. వరండాలో ఆవిడ సైకిల్ ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పక్కన రెండో పీట కూడా వేసి ఉంది.

"దొరికిందండీ" అని అరచెయ్యి చాపాడు.

పెళ్లైన తొమ్మిదేళ్లుగా "అల్లుడుగారూ, మీరు" అంటూ మర్యాదగా గడప దగ్గరే ఆపేసిన ఆవిడ, గోళీ తీసుకుని డబ్బాలో వేసి మూత బిగించింది.

"రా, కూర్చో. చొక్కా చేతులు పైకి మడుచుకో."